జీరో టికెట్ పట్టుకుని ఆమె ఎక్కడ దిగుతుంది?

టైటిల్ చూడగానే "మళ్లీ ఫ్రీ బస్సేనా బ్రో" అని మీలో సగం మంది అనుకునే ఉంటారు. అవును, ఫ్రీ బస్సే. కానీ ఈ గొడవలో ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా అడగని ఒక ప్రశ్న ఉంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో ఇంట్లో జరిగే హింస గురించి మాట్లాడతాను. వినడం కష్టంగా అనిపిస్తే ఇక్కడే ఆపేయండి, తప్పేం లేదు. మీకు గానీ మీకు తెలిసినవాళ్లకి గానీ ఇప్పుడే సాయం కావాలంటే 181కి ఫోన్ చేయండి. అది మహిళల హెల్ప్‌లైన్. ప్రాణం మీదికి వస్తే 112. మిగతా వివరాలు చివర్లో చెప్తాను.

ముందు బేసిక్స్. తెలంగాణలో మహాలక్ష్మి కింద ఫ్రీ బస్సు 2023 డిసెంబర్ 9న మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్‌లో అయితే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. మహిళలు, ఆడపిల్లలు, ట్రాన్స్‌జెండర్లు రాష్ట్రం లోపల ఎంత దూరమైనా వెళ్లొచ్చు. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతారు. ఏపీలో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న వచ్చింది. మనవాళ్లే మొదలుపెట్టారా అంటే కాదు. ఢిల్లీలో 2019లోనే ఉంది. తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో వచ్చింది.

అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర, ఆఫీస్ క్యాబ్‌లో, ఫ్యామిలీ గ్రూపులో ఒకటే లొల్లి. "ఆడవాళ్లకి మేలు జరుగుతోంది" అని ఒకళ్లు. "మా ట్యాక్స్ డబ్బుతో సోకులా" అని ఇంకొకళ్లు. ఇద్దరూ లెక్క వేసేది రూపాయల్లోనే. ప్రభుత్వానికి ఎంత ఖర్చు, ఆమెకి నెలకి ఎంత మిగిలింది, అంతే.

నా ప్రశ్న వేరే. ఫ్రీ బస్సు రాకముందు ఆమె బస్ ఛార్జీలు ఎవరిని అడిగేది?

దానికి వచ్చే ముందు, వ్యతిరేకించేవాళ్ల మాట కూడా వినాలి. అందులో నిజం ఉన్నవి ఉన్నాయి, పక్కన పెట్టేస్తే మోసం అవుతుంది.

మొదటిది ఆటో అన్నలు. బస్టాండ్ నుంచి ఊళ్లోకి షేర్ ఆటో నడుపుకునే మనిషికి గిరాకీ అంతా ఆడవాళ్లే. ఒక్క రోజులో సగం సీట్లు ఖాళీ. ఈఎంఐ మాత్రం ఖాళీ అవ్వదు కదా. తెలంగాణలో ఏడాదికి 12 వేలు ఇస్తామని 2023 మేనిఫెస్టోలో చెప్పారు, ఆ డబ్బు కోసం ఆటో సంఘాలు రోడ్డెక్కాయి. ఏపీలో 2025 అక్టోబర్‌లో డ్రైవర్లకి 15 వేల సాయం మొదలుపెట్టారు. అది సరిపోతుందా లేదా అనేది వాళ్లనే అడగాలి. ఆ కోపంలో న్యాయం ఉంది.

రెండోది రద్దీ. టికెట్ ఫ్రీ చేసినంత స్పీడ్‌గా బస్సులు పెంచలేదు. పొద్దున కాలేజీ టైమ్‌లో ఫుట్‌బోర్డ్ మీద వేలాడే పిల్లాడికి "మహిళా సాధికారత" అని లెక్చర్ ఇస్తే వాడికి కాలుతుంది. డబ్బులిచ్చి టికెట్ కొన్న తాత నిలబడాల్సి వస్తే ఆయనకీ కాలుతుంది. ఇది ఆడవాళ్ల తప్పు కాదు, బస్సుల కొరత. కానీ సమస్య మాత్రం నిజం.

మూడోది "ఊరికే ఇస్తే విలువ ఉండదు" అనే మాట. ఇక్కడ నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఈ మాట ఎక్కువగా నా బీటెక్ బ్యాచ్ గ్రూపులోనే వింటాను. మాలో చాలామందికి కాలేజీ ఫీజు ఎవరు కట్టారు? ఫీజు రీయింబర్స్‌మెంట్. ఏడాదికి 35 వేల చొప్పున నాలుగేళ్లు. బస్ పాస్ కూడా సగం ధరకే. అది చదువు కోసం, ఇది తిరగడం కోసం అంటారు. సరే, ఆ "తిరగడం" అన్న మాట దగ్గరే ఆగుదాం. అసలు విషయం అక్కడే ఉంది.

"పనీ పాటా లేకుండా తిరుగుతున్నారు." ఫ్రీ బస్సు మీద వచ్చినన్ని జోకులు ఇంకే పథకం మీదా రాలేదు. బస్సులో వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ల వీడియో ఒకటి గుర్తుందా? రాష్ట్రమంతా నవ్వింది. ఒక్కసారి ఆలోచించండి. ఆమె బస్సెక్కినా ఇంటి పనే చేస్తోంది. మనం బస్సులో రీల్స్ చూస్తాం, దాని మీద ఎవరూ వీడియో తీయరు.

ఆడది కారణం చెప్పకుండా బయటికి పోవడం మీద మనకి ఎందుకింత మంట? దీనికి ఒక లెక్క ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్. 2019-21లో చేసిన ఐదో రౌండ్‌లో ఒక ప్రశ్న అడిగారు. ఏడు సందర్భాలు చదివి వినిపిస్తారు. వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా, చెప్పండి అంటారు. అత్తమామలకి మర్యాద ఇవ్వకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగ్గా చేయకపోతే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, పడక దగ్గర వద్దంటే, వేరే మగాడితో సంబంధం ఉందని అనుమానం వస్తే. ఏడోది వినండి. "భర్తకి చెప్పకుండా బయటికి వెళ్తే."

తెలంగాణలో ఈ ఏడింటిలో కనీసం ఒక్కదానికి "సబబే" అన్న ఆడవాళ్లు దాదాపు 84 శాతం. ఏపీలోనూ అంతే, దాదాపు 84. నేను చెప్తున్నది మగవాళ్ల జవాబు కాదు, ఆడవాళ్ల జవాబు. దేశంలో మన రెండు రాష్ట్రాలే టాప్‌లో ఉన్నాయి. ఇది చూసి "చూశావా, వాళ్లకే ఇష్టం" అనేవాళ్లు ఉంటారు. చిన్నప్పటి నుంచి అమ్మని నాన్న కొట్టడం చూసి, "ఏదో తప్పు చేసుంటుందిలే" అని వింటూ పెరిగిన అమ్మాయి, సర్వే చేసే మేడమ్ ఎదురుగా, పక్కగదిలో అత్త ఉన్న ఇంట్లో ఇచ్చే జవాబు అది. అది ఇష్టం కాదు, అలవాటు చేసిన మాట.

అదే సర్వేలో, భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస అనుభవించామని చెప్పిన పెళ్లైన ఆడవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఏపీలో 30 శాతం. అంటే మీ వీధిలో పది ఇళ్లుంటే మూడు, నాలుగు. వాటిలో ఒకటి మీ చుట్టాలది కూడా కావచ్చు. మన పెళ్లి ఆల్బమ్‌లలో నవ్వుతూ నిలబడిన బావలే వీళ్లు. వాళ్లెవరో వేరే గ్రహం నుంచి రాలేదు.

ఇంకో లెక్క. దేశం మొత్తం మీద ఏదో ఒక హింస అనుభవించిన ఆడవాళ్లలో సాయం కోరింది 14 శాతం. 77 శాతం అసలు ఎవరికీ చెప్పనే లేదు. సాయం కోరినవాళ్లు కూడా ఎక్కువగా పోలీసుల దగ్గరికి పోలేదు, పుట్టింటికి పోయారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు బస్ ఛార్జీలు. ఆమె పుట్టిల్లు రెండు గంటల దూరం అనుకోండి. ఆమెకి టికెట్ 120. ఇద్దరు పిల్లలకి అరటికెట్లు. పోవడానికి 240, రావడానికి 240. పైన ఆటోకి ఇంకో 50. కూలికి పోయే మనిషికి ఇది ఒక రోజు కూలి కంటే ఎక్కువే. కూలి డబ్బు కూడా ఆమె చేతిలో ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇంట్లోనే ఉండే గృహిణి అయితే ఇక పోపుల డబ్బాలోనో బియ్యం డబ్బాలోనో దాచుకున్న పదులూ ఇరవైలే. అవీ దొరికితే "ఇవి ఎక్కడివే" అని అదొక గొడవ.

కాబట్టి అడగాలి. ఎవరిని? కొట్టినవాడినే. "నువ్వు కొట్టావు, మా అమ్మ దగ్గరికి పోతా, ఛార్జీలకి డబ్బులివ్వు" అని ఎవరైనా అడగగలరా? అందుకే ఒక తిట్టు ఉంది మన ఇళ్లలో, అందరూ వినే ఉంటారు. "పోతే పో, ఎట్ల పోతవో చూస్త." ఆ "ఎట్ల" అన్న మాటలో ఉన్నది ఆ 240 రూపాయలే.

ఈ ఎపిసోడ్ కోసం జనగామ బస్టాండ్‌లో ఒక పూటంతా కూర్చున్నాను. కెమెరా లేదు, ఊరికే మాటలు. హింస గురించి నేను ఎవరినీ అడగలేదు, బస్టాండ్‌లో అడిగే ప్రశ్న కాదది. బస్సు ఫ్రీ అయ్యాక ఏం మారింది అనే అడిగాను. ఎక్కువ మంది చెప్పినవి మామూలు విషయాలే. పెద్ద దవాఖానకి రెండోసారి చూపించుకోవడానికి పోతున్నామని, కూరగాయలు మార్కెట్ దాకా తీసుకుపోయి అమ్ముకుంటున్నామని. ఒక పెద్దమ్మ మాత్రం ఇలా అంది. "ఇంతకుముందు పోవాల్నా అని అడిగేదాన్ని బిడ్డా. ఇప్పుడు పోతున్న అని చెప్తున్న. గంతే."

"గంతే" అని తేలిగ్గా అనేసింది. కానీ అడగడానికీ చెప్పడానికీ మధ్య ఒక జీవితం ఉంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లోనే ఇంకో ప్రశ్న ఉంది. మార్కెట్‌కి, ఆసుపత్రికి, ఊరు దాటి బయటికి, ఈ మూడు చోట్లకీ ఒంటరిగా పోనిస్తారా అని. అవును అన్నవాళ్లు దేశంలో 42 శాతమే. 2019-21లో. చంద్రయాన్ పంపించిన దేశంలో.

కొందరు అంటారు, "మన కల్చర్‌లో ఆడబిడ్డకి పుట్టింటి హక్కు ఎప్పటినుంచో ఉంది, ఈ ఫ్రీ బస్సు వచ్చి కొత్తగా ఇచ్చిందేంటి" అని. మాట కరెక్టే, ఉంది. బతుకమ్మకి బిడ్డ పుట్టింటికి రావాలి, అన్నో తమ్ముడో పోయి తీసుకురావాలి. ఆంధ్రలో సంక్రాంతికి. కొత్త కోడలికి ఆషాఢం, తర్వాత సీమంతం, మొదటి పురుడు. ఒడిబియ్యం పోసి, చీర పెట్టి పంపడం. వీటిని మనం సంబరాలుగానే చూస్తాం. కానీ పాతకాలంలో ఫోన్లు లేనప్పుడు, ఏడాదికి ఒకట్రెండుసార్లు బిడ్డ ఎలా ఉందో కళ్లారా చూసుకునే దారి కూడా అదే. చిక్కిందా, గాజులు పైకి జరిపితే చేతి మీద ఏమన్నా ఉందా, తల దువ్వుతుంటే నొప్పి అని తల వెనక్కి తీసుకుందా. తల్లులకి ఇవన్నీ తెలుసు.

కానీ ఆ ఆచారానికి మూడు షరతులున్నాయి. తేదీ పండగ చెప్పాలి, అనుమతి అత్తింటివాళ్లు ఇవ్వాలి, తీసుకుపోవడానికి ఒక మగాడు రావాలి. మార్చి నెలలో ఒక మంగళవారం దెబ్బలు తిన్న మనిషి అక్టోబర్ దాకా బతుకమ్మ కోసం ఆగాలా? జీరో టికెట్ ఆ ఆచారాన్నేం చెడగొట్టలేదు. దానికున్న మూడు షరతులూ తీసేసింది.

సంక్షేమానికీ ఇంట్లో దెబ్బలకీ ముడి పెట్టడం ఇది కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట పేరు విన్నారా? మన జనరేషన్‌లో చాలామందికి గ్రూప్స్ ప్రిపరేషన్‌లో ఒక బిట్ ప్రశ్నగానే తెలుసు. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. ఇంటికి బియ్యం వచ్చాయి, బాగానే ఉంది. కానీ అదే రోజుల్లో ప్రభుత్వమే సారా వేలం పాటలు పెట్టి ఊరూరా సారా అమ్మించింది. బియ్యం మీద మిగిలిన డబ్బు సాయంత్రానికి సారా కొట్టుకి పోయేది, రాత్రికి ఆ మనిషి ఇంటికొచ్చి కొట్టేవాడు. 90ల మొదట్లో నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు ఇదంతా ఒకరికొకరు చెప్పుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఊరి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు.

వాళ్లలో చాలామంది అప్పుడే పలక పట్టినవాళ్లు. కానీ ఒక విషయం వాళ్లకి క్లియర్‌గా తెలుసు. ఇంటికి ఏమొచ్చింది అన్నది ఒక లెక్క, ఇంట్లో అది ఎవరి చేతికి పోయింది అన్నది ఇంకో లెక్క.

ఈ రెండో లెక్కతో ఇప్పటి పథకాల్ని చూడండి. తల్లి ఖాతాలో డబ్బు వేస్తున్నాం అంటారు. మంచిదే. ఖాతా ఆమెది, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? చాలా ఇళ్లలో ఫోన్ ఆయనదే. జీరో టికెట్‌ని మాత్రం ఎవరూ లాక్కోలేరు, అమ్ముకోలేరు, తాగలేరు. ఆమె బస్సెక్కితేనే అది పుడుతుంది. ఆ మేరకు ఇది గట్టి పథకం.

దీన్ని ఓడించే దారి కూడా ఒకటుంది, అది కూడా చెప్పాలి. కండక్టర్‌కి ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి కదా. ఆ ఆధార్ బీరువాలో పెట్టి తాళం వేస్తే అయిపోయింది. మీ అక్కకో చెల్లికో చిన్న సలహా ఇవ్వండి, ఏ కారణమూ చెప్పక్కర్లేదు. ఆధార్ ఒక్కటే కాదు, ఓటర్ కార్డు లాంటి ఇంకో ఒరిజినల్ కార్డు కూడా చేయించుకుని వేరే చోట దగ్గర పెట్టుకోమనండి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ ఫోటోలు పుట్టింట్లో ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంచమనండి.

పోవడానికి ఒక చోటు ఉండటం వల్ల నిజంగా తేడా ఉంటుందా? కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఉంది, 2005లో అచ్చయింది. సొంత ఆస్తి ఏదీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. భూమి, ఇల్లు రెండూ తన పేరు మీద ఉన్నవాళ్లలో అది 7 శాతం. ఆస్తి ఉంటే దెబ్బలు పడవు అని ఒక్క మాటలో తేల్చేయలేం. కానీ "కొడితే ఇది వెళ్లిపోగలదు" అన్న సంగతి ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండటం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఆగి ఒకటి స్పష్టంగా చెప్తాను. ఫ్రీ బస్సు వల్ల కొట్టడం తగ్గిపోయిందని నేను అనట్లేదు. నేను చెప్పిన సర్వే లెక్కలు కూడా ఈ పథకం రాకముందువి. నేను అనేది ఇంతే. బస్సు ఆమెని గుమ్మం దాటించగలదు. కానీ బస్సెక్కిన మనిషి ఎక్కడో ఒకచోట దిగాలి కదా. ఆ చోటు ప్రభుత్వం చేతిలో లేదు. మన చేతిలో ఉంది.

రాత్రి ఎనిమిదింటికి మీ అక్క ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో పిల్లాడితో గుమ్మంలో నిలబడింది అనుకోండి. మన ఇళ్లలో మొదట వచ్చే మాటలేంటి? "ఏమైందే, నువ్వేమన్నా అన్నావా?" "ఇంత రాత్రి వచ్చావు, ఎవరైనా చూశారా?" "పిల్లల మొహం చూసి సర్దుకుపో." "నేను బావతో మాట్లాడతాలే, రేపు పొద్దున్నే దింపేసి వస్తా." ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. సాయం కోరిన ఆ కొద్దిమందీ ముందు వచ్చేది పుట్టింటికే. అక్కడ ఈ మాటలు వింటే ఆమె మళ్లీ బస్సెక్కుతుంది. అదీ జీరో టికెట్టే. ఆ రెండో ప్రయాణం తర్వాత ఆమె ఇంకెప్పుడూ రాదు. వచ్చి లాభం లేదని ఆమెకి తెలిసిపోతుంది, కొట్టేవాడికి కూడా తెలిసిపోతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, అన్నలూ, ఇది మనకి. చెల్లెళ్లూ, మీకు కూడా. ఆ రాత్రి ఏం చేయాలో చెప్తాను.

ముందు లోపలికి రమ్మనండి. అన్నం పెట్టండి. ఎందుకు కొట్టాడు అని అడగొద్దు. దెబ్బలుంటే ఆమె ఒప్పుకుంటే ఫోటోలు తీయండి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించి, ఎలా తగిలాయో నిజం చెప్పి రాయించండి. "బాత్రూమ్‌లో జారిపడింది" అని రాయిస్తే రేపు ఆ కాగితం ఆమెకే ఎదురు తిరుగుతుంది. మీకు కోపం వచ్చి బావని కొట్టడానికి పోవద్దు. మీ మీద కేసవుతుంది, ఆమె సంగతి పక్కకి పోతుంది.

పెద్దమనుషుల పంచాయితీకి తొందరపడొద్దు. మన దగ్గర ఇది కూడా కల్చరే. నలుగురు కూర్చుని, "ఇంకోసారి చేయి చేసుకోను" అని కాగితం రాయించుకుని, దండం పెట్టించి పంపేస్తారు. అతను రెండోసారి కొడితే ఆ కాగితం పోలీసులా వచ్చి ఆపదు. అదే కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు అయితే, దాన్ని ఉల్లంఘించడమే నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఆ ఉత్తర్వు గృహహింస చట్టం కింద వస్తుంది. 2005 నాటి చట్టం, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. చాలామందికి దీనికీ పాత 498ఏ కీ తేడా తెలియదు. 498ఏ క్రిమినల్ కేసు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. గృహహింస చట్టంలో అడిగేది ముందు జైలు కాదు, భద్రత. కొట్టకుండా ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకి డబ్బు, పిల్లల కస్టడీ. విడాకులు అడగక్కర్లేదు. "కేసు పెడితే కాపురం పోతుంది" అని భయపడే అమ్మానాన్నలకి ఈ ముక్క చెప్పండి. ఇంకోటి, ఈ చట్టంలో హింస అంటే దెబ్బలే కాదు. ఇంటి అవసరాలకి డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా ఆర్థిక హింసే. ఛార్జీలు ఇవ్వకుండా కట్టడి చేయడం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం కదా, చట్టం దాన్ని ఎప్పుడో గుర్తించింది.

కేసు అత్తగారి ఊళ్లోనే వేయాలా? అక్కర్లేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయొచ్చు, అంటే పుట్టిల్లు ఉన్న చోట. 498ఏ విషయంలో కూడా, తలదాచుకున్న చోటే కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో చెప్పింది. బస్సు ఎక్కడ దింపిందో అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చన్న మాట.

లాయర్‌కి డబ్బుల్లేవా? లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబర్ 15100. ఇంట్లో చోటు లేదా, లేక అమ్మానాన్నే వద్దంటున్నారా? సఖి కేంద్రాలున్నాయి. కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి, కొన్ని రోజులు ఉండనిస్తారు కూడా. 181కి ఫోన్ చేస్తే దగ్గరలో ఏది ఉందో చెప్తారు. కోర్టులో టైమ్ పడుతుంది, అది దాచను. మూడు రోజుల్లోగా మొదటి విచారణ, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలో ఉంది, వాస్తవంలో లాగుతారు. అందుకే ఆ లాగే రోజుల్లో ఆమె పక్కన ఒక మనిషి కావాలి. వాయిదాలకి తోడు పోయే తమ్ముడు ఉంటే కేసు సగం నిలబడినట్టే.

చివరగా, మళ్లీ ఫ్రీ బస్సు దగ్గరికి. ఈ పథకం మీద వాదించండి. నేను కూడా వాదిస్తాను. బస్సులు పెంచమని అడుగుదాం. సాయంత్రం ఆరు తర్వాత ఊరికి బస్సే లేకపోతే టికెట్ ఫ్రీ అయి ఏం లాభం అని అడుగుదాం. ఆటో అన్నలకి ఇస్తామన్నది ఇవ్వమని అడుగుదాం. ఖర్చు లెక్కలు బయటపెట్టమని అడుగుదాం. ఇవన్నీ పౌరులుగా అడగాల్సిన ప్రశ్నలే. ఒక్క ప్రశ్న మాత్రం మానేద్దాం. "ఎక్కడికి తిరుగుతున్నావు" అన్నది. ఆమె ఎక్కడికి పోతోందో మనకి చెప్పక్కర్లేదు. గుడికి పోతుందో, మార్కెట్‌కి పోతుందో, అమ్మ మొహం చూడటానికి పోతుందో, ఊరికే కిటికీ పక్కన కూర్చుని గాలి పీల్చుకోవడానికి పోతుందో. మనకి ఎవరూ ఆ లెక్క అడగలేదు కదా.

ఇంకో చిన్న పని చెప్తాను, ఈరోజే చేయండి. మీ అక్కకో, చెల్లికో, పెళ్లైన ఫ్రెండ్‌కో ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. "ఏ టైమ్‌లోనైనా, ఏ కారణం చెప్పకపోయినా, మా ఇంటికి రావొచ్చు." అంతే. వాళ్లు నవ్వి "ఏమైందిరా నీకు" అంటారు. అననివ్వండి. అవసరం పడిన రోజు ఆ మాట వాళ్లకి గుర్తొస్తుంది.

నంబర్లు మరోసారి: 181, అత్యవసరమైతే 112, న్యాయ సహాయానికి 15100. రాసి పెట్టుకోండి, ఇంట్లో చదవడం రానివాళ్లకి చెప్పండి.

వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. జాగ్రత్త. ఉంటాను.